సఫక్‌లో మాయమైన అగడ్త ఇల్లు: యజమానిని ఎలా కనుక్కోవాలి?

ఇంగ్లండ్‌లోని సఫక్‌లో ఉంటున్నాను. మా ఊరి బయట గోధుమ చేల నడుమ, కాలిబాట పక్కనే నలుచదరపు అగడ్త ఒకటి ఉంది. మూడు వైపులా నాచు పట్టిన నీళ్లు, నాలుగో వైపు ఎప్పుడో పూడ్చేశారు. మధ్య దిబ్బ మీద ముళ్లపొదలు తప్ప ఇటుక ముక్క కూడా కనబడదు.

అగడ్త అంటే నాకు గోల్కొండ, ఓరుగల్లు కోటలే గుర్తొస్తాయి. ఇక్కడ కాస్త కలిగిన రైతు కూడా ఇంటి చుట్టూ తవ్వించుకున్నాడట! ఇంగ్లండ్ మొత్తం మీద ఇలాంటివి వేలల్లో ఉన్నాయి, ఎక్కువ భాగం 1250-1350 మధ్యవి. శత్రుభయం కన్నా పక్కవాడి ముందు దర్పమే అసలు కారణమని నా అనుమానం. బంకమట్టి నేల కాబట్టి నీళ్లు ఇంకవు, ఆ సౌకర్యమూ ఉంది.

1836 చట్టం తర్వాత చర్చి పన్ను కోసం గీసిన టైద్ మ్యాపు చూశాను. అప్పటికే అక్కడ ఇల్లు లేదు, పొలం పేరులో మాత్రం ‘మోట్’ (అగడ్త) అనే మాట మిగిలింది. లైడార్ చిత్రంలో (విమానం నుంచి లేజర్‌తో నేల ఎత్తుపల్లాలు కొలిచి తీసేది) పక్కనే మరో ఆవరణ గీత మసకగా కనిపిస్తోంది. పశువుల దొడ్డి కావచ్చా?

1327 నాటి సఫక్ పన్ను జాబితాలో ఊరివాళ్ల పేర్లున్నాయి. వాళ్లలో ఈ ఇల్లు ఎవరిదో తేల్చే దారి ఉందా? మేనర్ కోర్టు, అంటే ఊరి భూస్వామి నడిపే కోర్టు, రికార్డుల చుట్టలు లాటిన్‌లో ఉంటాయి, నాకు ఒక్క ముక్క రాదు. అవి చదివిన అనుభవం ఉన్నవారు ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పగలరా?