‘కాటనుం తం భగీరథం’: నుం ఆ, నం ఆ?

భానుమూర్తి: గోదావరి ఒడ్డున సంకల్పంతో పాటు కొందరు పురోహితులు చెప్పే కాటన్ దొర శ్లోకం. చివరి పాదం దగ్గర ఎప్పుడూ అనుమానమే.

నిత్య గోదావరీ స్నాన పుణ్యదో యో మహామతిః
స్మరామ్యాంగ్లేయ దేశీయం కాటనుం తం భగీరథం

‘కాటనం’ అనేవాళ్లున్నారు. ‘తం’ లేకుండా ‘కాటనుం భగీరథం’ అని రాసినవాళ్లూ ఉన్నారు. సరైన పాఠం ఏది? ఇంకొకటి, ఆ ఇంటిపేరుకూ పత్తికీ చుట్టరికం ఉందా?

సుభద్ర: ‘తం’ తీసేస్తే ఏడక్షరాలే మిగులుతాయి, పాదానికి ఎనిమిది ఉండాల్సిన అనుష్టుప్పు కుంటుతుంది. పైన ‘యో’ (ఎవడైతే) ఉంది కాబట్టి కింద ‘తం’ (అతణ్ణి) కావలసిందే. అలాగే చాలాచోట్ల ‘మహమతిః’ అని తిరుగుతోంది. ఆ పాదంలో ఆరో అక్షరం గురువు కావాలి, కాబట్టి ‘మహామతిః’. ఇక నుం, నం అంటారా, రెండూ గురువులే. ఛందస్సు ఇక్కడ సాక్ష్యానికి రాదు.

చక్రపాణి: ఛందస్సు రాకపోతే వ్యాకరణం వస్తుంది. తెలుగు నోట్లో హల్లుతో ఆగిన పరాయి పేరుకు ఉకారం చేరుతుంది: లండను, బ్రౌను, కాటను. ఆ ఉకారాంతాన్ని సంస్కృతంలోకి తీసుకుంటే ‘గురుం’ లాగా ‘కాటనుం’. శ్లోకం రాసినాయన తెలుగువాడే కదా. నా ఓటు ‘నుం’కే.

నరహరి: తెలుగువాడే, కానీ రాస్తున్నది సంస్కృతం. తెలుగు ఉత్వాన్ని మోసుకుపోవలసిన పని ఏముంది? అకారాంతంగా తీసుకుంటే ‘రామం’ లాగా ‘కాటనం’. హలంతంగా, అంటే హల్లుతో ముగిసే మాటగా, తీసుకుని ‘మరుతం’ దారిలో నడిపినా ‘కాటనం’. రెండు దార్లూ ఒకే ఊరికి చేరుతున్నాయి.

సుభద్ర: హలంతం అంటే నకారాంతం అండీ, తకారాంతం కాదు. ‘సర్వనామస్థానే చాసంబుద్ధౌ’ అనే పాణిని సూత్రం పట్టుకుంటుంది, నకారం ముందున్న అచ్చు దీర్ఘమవుతుంది. రాజన్ శబ్దానికి రాజానం అయినట్టు ‘కాటానం’ కావాలి. ఛందస్సుకు అదీ ఇబ్బంది లేదు, ఆ పాదంలో రెండో అక్షరం గురువైనా చెల్లుతుంది. మీ రెండో దారి మూసుకుపోయింది.

నరహరి: మొదటి దారి చాలు. శ్రీనాథుడి భీమేశ్వర పురాణం అవతారికలో బెండపూడి అన్నయమంత్రి పద్యం గుర్తు తెచ్చుకోండి: ‘అహమ్మదుసేన వదాన్య భూమిభృత్సన్నిధికిన్’. తెలుగువాడు ‘అహమ్మదుసేను’ అనే పేరు సంస్కృత సమాసంలోకి వచ్చేసరికి ‘సేన’ అయింది. కవిసార్వభౌముడే దారి చూపించాక ఇక చర్చేమిటి?

చక్రపాణి: అది ఉత్పలమాల. ‘సేనవ’ భగణం, ‘సేనువ’ అన్నా భగణమే. గణం మారదు, యతి స్థానం అంతకు ముందే అయిపోయింది. అక్కడ కూడా ఛందస్సు ఏమీ తేల్చదు.

నరహరి: సమాసం తేలుస్తుంది. ‘వదాన్య’, ‘భూమిభృత్’ లాంటి శుద్ధ తత్సమాల పక్కన ఉత్వంతో పేరు పెట్టడం శ్రీనాథుడి చెవికి నచ్చే పని కాదు. ఆ పద్యంలోని ధార చూడండి, పరాయి పేరు రాయిలా తగలదు. అరబ్బీ పేరును కూడా గోదావరి నీళ్లలో నానబెట్టి వాడాడాయన.

ఫణి (లెస్టర్): పత్తి ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు. సంబంధం లేదు. బట్టల కాటన్ అరబ్బీ ‘ఖుత్‌న్’ నుంచి ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. ఇంటిపేరు ఊరి నుంచి వచ్చింది. పాత ఇంగ్లీషులో ‘కొట్’ అంటే గుడిసె. దాని చతుర్థీ బహువచనం ‘కొటుమ్’, అంటే ‘గుడిసెల దగ్గర’. ఊళ్ల పేర్లు ఆ విభక్తిలోనే గడ్డకట్టాయి. కొన్నిచోట్ల మకారం నకారమై కోటన్, కాటన్ అయ్యాయి: కేంబ్రిడ్జి పక్కన కోటన్, స్టాఫర్డ్‌షైర్‌లో కాటన్. మరికొన్నిచోట్ల మకారం నిలిచింది: లాంకషైర్, నాటింగమ్‌షైర్లలో కాటమ్, యార్క్‌షైర్‌లో కోటమ్. కాబట్టి కాటన్, కాటమ్ ఇంటిపేర్లు ఒకే మాటకు రెండు ముఖాలు. మధ్యయుగపు దస్తావేజుల్లో పేరుకూ ఊరికీ మధ్య ‘డి’ ఉంటుంది, ఫలానా ఊరివాడని అర్థం. మనకు ఊరిపేరే ఇంటిపేరైన పద్ధతే.

చక్రపాణి: అయితే ‘కొటుమ్’లో ఉకారమూ ఉంది, మకారమూ ఉంది! ‘కాటనుం’లో ఆ రెండూ తిరిగి వచ్చాయి. ఇంకో మాట. కొటుమ్, మన కొట్టం, కుటీరం... ఇవన్నీ ఒక గూటివే అనిపించడం లేదా?

ఫణి (లెస్టర్): లేదండీ. అక్కడి మకారం చతుర్థీ బహువచనానిది, ఇక్కడిది ద్వితీయా ఏకవచనానిది. కుటీరం సంగతికొస్తే, జర్మానిక్ భాషల్లో పదాదిన ‘క’ ఉంటే సంస్కృతంలో ‘గ’ గానీ ‘జ’ గానీ కనపడాలి. అక్కడి ‘ట’కు ఇక్కడ ‘ద’ ఉండాలి. రెండు హల్లులూ కుదరలేదు. కొట్టం ద్రావిడం. మంచం అనే అర్థంలో ఇంగ్లీషులో ఉన్న ‘కాట్’ మాత్రం మన దేశానిదే, హిందీ ఖాట్.

అసలు విచిత్రం వేరే ఉంది. ఇవాళ ఇంగ్లీషువాడు ఆ పేరు పలికితే రెండో అక్షరంలో అచ్చే ఉండదు. ‘ట్’ మీద నాలుక అంటించి నేరుగా ‘న్’ లోకి జారతాడు. మీరు అకారమా ఉకారమా అని వాదించుకుంటున్న చోట అక్కడ ఖాళీ.

ఇందిర: ఇంటిపేరు ఒకటైతే వంశం ఒకటే అనుకోవడం ఈ కాటన్ల విషయంలో అందరూ పడే గొయ్యి. మద్రాసు రాజధానిలోనే రెండు కాటన్ కుటుంబాలు ఉన్నాయి.

ఆర్థర్ కాటన్ (1803–1899) కోంబర్‌మీర్ కాటన్ల శాఖ. వాళ్లు ష్రాప్‌షైర్‌లోని కాటన్ అనే ఊరివాళ్లు. 8వ హెన్రీ మఠాలు రద్దు చేసినప్పుడు, 1539లో, చెషైర్‌లోని కోంబర్‌మీర్ మఠం జార్జ్ కాటన్ చేతికి వచ్చింది. భరత్‌పూర్ కోట పట్టిన స్టేపుల్టన్ కాటన్ మన దొరకు దాయాది.

1845లో కుంభకోణంలో పుట్టి, 1904 బొంబాయి కాంగ్రెసుకు అధ్యక్షత వహించిన హెన్రీ కాటన్ వేరే శాఖ. ఆయన మూలపురుషుడు సెయింట్ ఆల్బన్స్‌లో వైద్యుడు, కవి అయిన నథానియెల్ కాటన్. మద్రాసు సమాధుల శాసనాలను 1905లో పుస్తకంగా తెచ్చిన జూలియన్ జేమ్స్ కాటన్ ఈ హెన్రీ కొడుకు. ఆయన్ని ధవళేశ్వరం కాటన్ మనవడని రాసేస్తుంటారు.

గుర్తుపట్టడానికి మధ్యపేరు చూడండి. కోంబర్‌మీర్ వాళ్లు ఆస్తి తెచ్చిన కోడళ్ల పుట్టింటిపేర్లను మధ్యపేర్లుగా నిలుపుకున్నారు. డెన్బీషైర్‌లోని లెవెనీ వారసురాలు హెస్టర్ వల్ల ‘సాల్స్‌బరీ’, జమైకా గవర్నరు కూతురు ఫిలడెల్ఫియా వల్ల ‘లించ్’. ఆర్థర్ అన్న రిచర్డ్ లించ్ కాటన్. 1866లో నదిలో పడిపోయిన కలకత్తా బిషప్పు, బెంగుళూరు, సిమ్లా బడులకు పేరిచ్చినాయన, జార్జ్ ఎడ్వర్డ్ లించ్ కాటన్. ఆ ‘లించ్’ కనిపించిందంటే వంశవృక్షంలో ఎక్కడ వెతకాలో తెలిసినట్టే.

భానుమూర్తి: ఇందిరగారూ, ఇలాంటివి వెతకాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ఇందిర: చివరి నుంచి వెనక్కి రావాలి, మొదటి నుంచి ముందుకు కాదు. ఇంగ్లండు, వేల్సులలో ప్రభుత్వ జనన మరణాల నమోదు 1837 జూలై 1న మొదలైంది. అంతకు ముందువి చర్చి రిజిస్టర్లు, 1538 నుంచి. జనాభా లెక్కల్లో ముందు 1851ది పట్టుకోండి, అందులో పుట్టిన పారిష్ (ఒక చర్చి కింది ప్రాంతం) పేరు ఉంటుంది. 1841లో పుట్టింది ఆ కౌంటీలోనా కాదా అని మాత్రమే రాశారు, పైగా పదిహేనేళ్లు దాటినవాళ్ల వయసు అయిదుల్లోకి తగ్గించారు. 39 ఏళ్ల మనిషి 35 అని కనిపిస్తే ఇంకొకరనుకుని వదిలేస్తారు.

ఇంకో చిక్కు. 1752కు ముందు అక్కడ సంవత్సరాది మార్చి 25. ఫిబ్రవరి 1700 అని రాసి ఉంటే మన లెక్కలో అది 1701. ఇది మరిస్తే పెళ్లికి ముందే పిల్లలు పుట్టినట్టు తేలుతుంది. రాసేది గుమాస్తా, చెప్పేవాడికి చదువు రాదు. అందువల్ల కాటన్, కోటన్, కాటెన్, కాటమ్ అన్నీ చూడాలి.

కంపెనీ కొలువులో మద్రాసుకు వచ్చినవాళ్లయితే బ్రిటిష్ లైబ్రరీ ఇండియా ఆఫీసు దస్త్రాల్లో ఎన్/2 వరస చూడండి, అది మద్రాసు జ్ఞానస్నానాలు, పెళ్లిళ్లు, ఖననాలది. సైన్యంలో చేరినవాళ్లకు ఎల్/ఎమ్‌ఐఎల్/9 కేడెట్ కాగితాలు. వాటిలో వయసు రుజువుకు జ్ఞానస్నాన పత్రం జతచేసి ఉంటుంది, ఏ పారిష్‌కు వెళ్లాలో అదే చెబుతుంది.

ఫణి (లెస్టర్): సముద్రం దాటిన శాఖల్లో ఇంకో తమాషా. డెర్బీలో పుట్టిన మతబోధకుడు జాన్ కాటన్ 1633లో గ్రిఫిన్ ఓడలో మసాచుసెట్స్ బోస్టన్‌కు వెళ్లాడు. ఆయన కూతురు కొడుకు కాటన్ మాదర్. తాత ఇంటిపేరు మనవడి సొంతపేరైంది. అమెరికాలో ‘కాటన్’ అని కనిపించగానే ఇంటిపేరో కాదో చూసుకోవాలి.

సుభద్ర: శ్లోకానికి రండి. ‘నిత్య’ దేనికి అన్వయం? నిత్యస్నానమా, నిత్యగోదావరా? నా ఉద్దేశంలో రెండోది. 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆనకట్ట వల్ల కాలువల్లో ఏడాది పొడుగునా గోదావరి.

నరహరి: ఏడాది పొడుగునా ఎక్కడండీ? వేసవిలో మరమ్మతులకు కాలువలు కట్టేస్తారు, లాకుల దగ్గర అడుగు కనిపిస్తుంది. నదిదాకా వెళ్లనక్కర లేకుండా ఊళ్లోనే గోదావరి స్నానం రోజూ దొరికింది, ఆ పుణ్యం ఇచ్చినవాడని అర్థం. ‘నిత్య’ స్నానానికే.

సుభద్ర: కట్టేసేది కొన్ని వారాలే. కవి హృదయం అంత కొలత పెట్టి చూడకూడదు.

నరహరి: సరే, ‘నం’కు ఇంకో సాక్ష్యం. బ్రౌన్ దొర నిఘంటువును పండితులు ‘బ్రౌణ్యం’ అన్నారు. బ్రౌను అని ఉకారాంతంగా తీసుకుని ఉంటే, గురు శబ్దం నుంచి గౌరవం వచ్చినట్టు ‘బ్రౌనవం’ కావాలి. బ్రౌన అనుకున్నారు కాబట్టే బ్రౌణ్యం, రేఫ వల్ల ణకారం. అదే కొలతలో కాటన, కాటనం.

చక్రపాణి: బ్రౌణ్యం నిఘంటువు ముందేసుకుని పండితులు కూడబలుక్కున్న మాట. ఇది తడిబట్టతో రేవులో నిలబడి చెప్పేది. రేవులో ఆయన కాటను దొరే. ‘నం’ అని అచ్చయిన పాత ప్రతి ఎవరి దగ్గరైనా ఉంటే ముద్రణ సంవత్సరం కనిపించేలా పుట ఫొటో పెట్టండి, అప్పుడు మాట్లాడదాం.