కొత్త చాంబర్‌కు కేసులు: బుల్లెట్‌తో కాల్చాలా, మొక్కజొన్న రవ్వతోనా?

కొత్త రీలోడర్:
నా .22-250 రైఫిల్ చాంబర్‌ను, అంటే తూటా కూర్చునే గదిని, ఆక్లీ ఇంప్రూవ్డ్ అనే నిటారు భుజం ఆకారానికి మార్పించాను. పాత ఇత్తడి కేసులు (మందు, బుల్లెట్ పట్టే గొట్టాలు) వంద ఉన్నాయి. వాటి 28 డిగ్రీల భుజం, అంటే మెడ దగ్గర సన్నబడే వాలు, 40 డిగ్రీలకు రావాలి. కొత్త చాంబర్‌లో కాలిస్తే ఒత్తిడికి కేసు ఉబ్బి ఆ ఆకారానికి వస్తుందట. మామూలు తూటాలే కాల్చమని ఒకరు, బుల్లెట్ లేకుండా కొంచెం మందు మీద మొక్కజొన్న రవ్వ పోసి కాల్చమని ఇంకొకరు అంటున్నారు. ఏది మేలు?

గురి:
రవ్వే మేలు. ఈ తూటా అసలే బ్యారెల్‌ను త్వరగా తినేస్తుంది. కేసుల ఆకారం కోసం వంద బుల్లెట్లు కాల్చి, బ్యారెల్ గొంతు దగ్గర, అంటే చాంబర్ దాటగానే మొదలయ్యే గాడులను పాడుచేసుకోవడం ఎందుకు?

పాతచేయి:
గురి గారూ, బ్యారెల్ అరుగుదల నిజమే. కానీ ముందు చూడాల్సింది అది కాదు. మొదటి దెబ్బకు కేసు అడుగు, చాంబర్‌ను వెనక మూసే బోల్ట్‌కు ఆనుకుని ఉందా లేదా?

ఆనకపోతే, తూటా అడుగును కొట్టే ఫైరింగ్ పిన్ కేసును ముందుకు తోస్తుంది. పల్చటి గోడలు చాంబర్‌ను పట్టుకుంటాయి, మందమైన అడుగు మాత్రం వెనక్కి జరుగుతుంది. మధ్యలో ఇత్తడి సాగిపోతుంది. నాకు చాంబర్ కోసిన మిస్త్రీ కొంచెం లోతుగా కోశాడు. నేను చూసుకోలేదు. మొదటి 20 కేసులకూ అడుగుకు కాస్త పైన మెరిసే గీత వచ్చింది. ఒకదాన్ని రంపంతో నిలువుగా కోస్తే లోపల ఆ గీత దగ్గరే గాడి కనిపించింది. అన్నీ పారేశాను. ఇప్పటికీ కొన వంచిన సన్నటి తీగతో ప్రతి కేసు లోపలా గీకి చూస్తాను. తీగ ఎక్కడైనా తట్టుకుంటే ఆ కేసు ఇక వాడను.

ఈ ఆకారానికి పేరిచ్చిన అమెరికా తుపాకుల మిస్త్రీ పి.ఓ. ఆక్లీ పద్ధతిలో చాంబర్‌ను పాత గేజ్ (చాంబర్ లోతు చూసే కొలబద్ద) కన్నా అంగుళంలో వెయ్యింట 4 వంతులు పొట్టిగా ఉంచేది ఇందుకే. మెడ, భుజం కలిసేచోట కేసు నొక్కుకుని కూర్చుంటుంది.

గురి:
ఒప్పుకుంటాను. కానీ రవ్వతో ఒత్తిడి తక్కువ కదా, కేసు అంతగా సాగదు.

పాతచేయి:
సాగదు, అక్కడే మోసపోతాం. చాంబర్ వదులుగా ఉంటే కేసు ముందుకు జరిగినచోటే పొట్టిగా అచ్చవుతుంది. చూడ్డానికి బాగుంటుంది. తర్వాత పూర్తి మందుతో కాల్చినప్పుడు సాగుతుంది. పైగా రవ్వతో భుజం మూలలు చాలాసార్లు గుండ్రంగానే మిగులుతాయి. బుల్లెట్‌తో కాల్చిన వంద గుళ్లు నాకైతే వృథా కాదు, గురి సాధన.

నీటిచేయి:
కేసులో నీళ్లు నింపి సుత్తితో కొట్టి ఆకారం తెచ్చే డై (అచ్చు) కూడా ఉంది. కాల్చే పనే లేదు. మూలలు పూర్తిగా పదునుగా రావు, మిగతాది మొదటి గుండు సరిచేస్తుంది.

కొత్త రీలోడర్:
ఖాళీ కేసు పెట్టి చూశాను. బోల్ట్ ఏ బిగుతూ లేకుండా మూతపడింది.

పాతచేయి:
అయితే తమ్ముడూ, ఇప్పుడే ఏదీ కాల్చకు. ముందు గేజ్ పెట్టించు. తేడా కొంచెమే అయితే మెడను ఒక సైజు వెడల్పు చేసి, మళ్లీ కొంతవరకే కుదించు. మెడ మీద చిన్న మెట్టు మిగులుతుంది, అదే కేసును బోల్ట్‌కు ఆనించి ఉంచుతుంది. బోల్ట్ చేతికి కొంచెం బిగుతుగా తగిలేదాకా కుదించుకుంటూ రా. మందు మాత్రం పాత .22-250 పట్టికలోని కనీస కొలతతోనే మొదలుపెట్టు. తేడా ఎక్కువుంటే రైఫిల్‌ను మిస్త్రీకి తిరిగి ఇవ్వు.