స్కూలు బ్యాండు నేర్పడాన్నే వృత్తిగా ఎంచుకోవచ్చా?

ప్రశ్న (విజయనగరం):
మహారాజా సంగీత కళాశాలలో మృదంగం డిప్లొమా చేసి, ఇక్కడి ఒక ప్రైవేటు పాఠశాలలో సంగీతం చెబుతున్నాను. ఆగస్టు 15, జనవరి 26 కవాతుల బ్యాండు బాధ్యత కూడా నాదే. నిలబడి వాయించినంతసేపూ పిల్లలు చక్కగానే వాయిస్తారు గానీ, మైదానంలో నడక మొదలవగానే ముందు వరుసదొక లయ, వెనక వరుసదొక లయ అయిపోతోంది. దీనికి ఉపాయమేమిటి? అమెరికాలో డ్రమ్ములు, బాకాలతో కవాతు చేసే డ్రమ్ కోర్ అనే బృందాలకు శిక్షకులుగానే జీవితమంతా గడిపేవారున్నారని విన్నాను. వారికి ఇల్లెలా గడుస్తుందో, మన జిల్లాలో ఉంటూ ఆ దారి పట్టవచ్చో పెద్దలు చెప్పగలరు.

జవాబు (విశ్రాంత బ్యాండు హవల్దారు, ఆమదాలవలస):
బాబూ, అందులో పిల్లల తప్పు కొంతే. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది కనుక, 34 మీటర్ల అవతల ఉన్నవాడికి దెబ్బ సెకనులో పదో వంతు ఆలస్యంగా వినబడుతుంది. నిమిషానికి 120 అడుగులు వేసే నడకలో అది ఒక్కో అడుగుకు పట్టే సమయంలో ఐదో వంతు. అందుకే డ్రమ్ములను వెనక నిలిపి, ముందున్న ట్రంపెట్లవారిని వాటిని విని వాయించమనాలి. డ్రమ్ములవారు మాత్రం ముందునుంచి వచ్చే మోతను పట్టించుకోకుండా, బ్యాండు మేజరు చేతి కర్రనే చూడాలి. మీ బ్యాండు అంత పొడవు ఉండదు గనుక అసలు చిక్కు కాళ్లలోనే ఉండి ఉంటుంది. కొన్నాళ్లు వాయిద్యాలు పక్కన పెట్టించి, నోటితో లెక్క చెబుతూ మార్క్ టైం, అంటే ఉన్నచోటనే అడుగులు, వేయించండి. బేస్ డ్రమ్ పెద్ద దెబ్బ ఎడమ కాలితోనే పడాలి. సైన్యంలో అడుగు 30 అంగుళాలు. ఏడో తరగతి పిల్లవాడిచేత అంత అడుగు వేయిస్తే ఊపిరి ట్రంపెట్‌లోకి పోదు.

జవాబు (బొబ్బిలి, ప్రస్తుతం టెక్సాస్):
మా అమ్మాయి ఇక్కడి హైస్కూలు బ్యాండులో వాయిస్తుంది. వీరి అడుగు 22.5 అంగుళాలే, అంటే ఐదు గజాలకు ఎనిమిది అడుగులు. డ్రమ్ కోర్ వేరు: అందులో బ్రాస్ (ట్రంపెట్ వంటి ఇత్తడి ఊదుడు వాయిద్యాలు), డ్రమ్ములు, జెండాలు తిప్పే కలర్ గార్డు ఉంటాయి గానీ క్లారినెట్, ఫ్లూటు ఉండవు. 1972లో మొదలైన డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్ పోటీలు వేసవిలో జరిగి ఆగస్టులో ముగుస్తాయి. నేర్పేవారిలో చాలామంది మిగతా ఏడాదంతా బడి బ్యాండు డైరెక్టర్లే. సంగీత విద్యలో డిగ్రీ చేసినవారు. నెల జీతం బడిది, వేసవి కోర్‌ది.

జవాబు (విశ్రాంత సంగీతోపాధ్యాయిని, విజయనగరం):
నాయనా, రొమ్ముకు తప్పెట కట్టుకుని ఎగురుతూ వాయించే తప్పెటగుళ్ల కళాకారులున్న నేల మనది. నడుస్తూ వాయించడం ఇక్కడివారికి కొత్త కాదు, వీలైతే ఒక బృందాన్ని పిలిపించి పిల్లలకు చూపించండి. సైడ్ డ్రమ్ పాఠాల్లో కుడి-ఎడమ-కుడి-కుడి, ఎడమ-కుడి-ఎడమ-ఎడమ అనే పారాడిడిల్ మృదంగం చేతికి త్వరగానే పట్టుబడుతుంది. మీకు తక్కువైనది స్టాఫ్ నొటేషను, అంటే ఐదు గీతలపై స్వరాలు రాసే పాశ్చాత్య పద్ధతి. అది లేకుండా ట్రంపెట్ల భాగాలు రాయలేరు కనుక, లండన్ ట్రినిటీ కాలేజీవారి సంగీత గ్రేడు పరీక్షలకు కూర్చోండి. ఒక్క బ్యాండును నమ్ముకుంటే మాత్రం ఇల్లు గడవదు. ఉన్న ఉద్యోగాన్ని వదలకుండా, సాయంత్రాలు మరో రెండు పాఠశాలలకు నేర్పండి. గణతంత్ర దినోత్సవ జాతీయ స్కూలు బ్యాండు పోటీలో బ్రాస్‌కూ పైపులకూ (బ్యాగ్‌పైపులు) వేర్వేరు విభాగాలున్నాయి. ట్రంపెట్లు ఎలాగూ ఉన్నాయి, బ్రాస్ వైపే వెళ్లండి.