అప్‌డేట్: హాఫ్ ఫేస్ హెల్మెట్ వద్దనుకున్నా, ఫుల్ ఫేసే కొన్నా

మ్యాట్ బ్లాక్ (మెరుపు లేని నలుపు) హాఫ్ ఫేస్ హెల్మెట్ బాగుంది, కొనొచ్చా అని ఇంతకుముందు అడిగాను కదా. మానేశా. అందులో గడ్డానికి అడ్డేమీ ఉండదు, ముఖం నేలకు తగిలితే దవడే పోతుంది.

కనుబొమల పైన టేపు చుడితే 58 సెం.మీ. వచ్చింది. షాపులో ఇచ్చిన ఎల్ సైజు వదులు. ఎమ్ బుగ్గల్ని గట్టిగా నొక్కింది, అదే సరైనది; ప్యాడ్లు వాడేకొద్దీ అణుగుతాయి. నుదుటి మీద ఒకేచోట నొప్పెడితే మాత్రం ఆ మోడల్ మీ తలకు కాదు. పట్టీ బిగించి, వెనక అంచు పట్టుకుని ముందుకు లాగి చూడండి. ఊడొస్తే వద్దు.

ఐఎస్‌ఐ గుర్తు, ఐఎస్ 4151 (హెల్మెట్ల భారతీయ ప్రమాణం) నంబరు రెండూ చూశా. 2021 జూన్ నుంచి అవి లేనివి అమ్మకూడదు, రోడ్డు పక్కన మాత్రం అమ్ముతూనే ఉన్నారు! రంగు మ్యాట్ బ్లాకే, కాకపోతే వెనక రిఫ్లెక్టివ్ స్టిక్కర్ అంటించా. నల్ల వైజర్ (ముఖం ముందుండే అద్దం) పగటికే.