నమూనా పుటలో అక్షరాల అంచులు మెట్లుమెట్లుగా వస్తున్నాయి

ప్రశ్న (కావలి నుంచి):
నమస్కారమండీ. లేటెక్ అనే అక్షరకూర్పు సాఫ్ట్‌వేర్‌లో కూర్చిన నా పరిశోధనా గ్రంథాన్ని పీడీఎఫ్‌గా నెల్లూరులోని ఒక ముద్రణాలయానికి ఇచ్చాను. నమూనా పుటలో ఆంగ్ల వచనంలోని ‘ఎస్’, ‘ఓ’ వంటి అక్షరాల వంపులు రంపపు పళ్లలా వచ్చాయి కానీ, అదే పుటలోని గణిత సూత్రాలు మాత్రం నున్నగా ఉన్నాయి. యంత్రం 1200 డీపీఐది (అంగుళానికి 1200 చుక్కలు వేసేది) కనుక లోపం ఫైలులోనే ఉందని వారంటున్నారు. ఏం చేయాలి?

జవాబు (ఒంగోలు నుంచి):
వారి మాట నిజమేనండీ, సూత్రాలు బాగుండటమే అసలు ఆచూకీ: వాటి ఫాంటు వేరు, లోపం వచనపు ఫాంటులోనే ఉంది. మీరు టీ1 ఎన్‌కోడింగ్ (ఫాంటులోని అక్షరాలకు సంకేత సంఖ్యలిచ్చే ఒక పద్ధతి) పెట్టి, దానికి తగిన ఫాంటులను ఇచ్చే సీఎం-సూపర్ ప్యాకేజీ వేసుకోకపోతే, వచనానికి గీతల రూపంలోని ఫాంటు దొరకక, సాధారణంగా 600 డీపీఐ వద్ద చుక్కలతో తయారైన టైప్ 3 ఫాంటు పీడీఎఫ్‌లోకి చేరుతుంది. యంత్రం ఎంత మంచిదైనా ఆ చుక్కలను పెద్దవి చేసి అచ్చు వేయడం తప్ప వంపును సరిదిద్దలేదు. అక్రోబాట్ రీడర్‌లో ప్రాపర్టీస్ తెరిచి, ఫాంట్స్ పట్టీలో ‘టైప్ 3’ అని ఉందేమో చూడండి. ఉంటే సీఎం-సూపర్ వేసి మళ్లీ కంపైల్ చేసి పీడీఎఫ్ తయారుచేయండి.

ప్రశ్నించినవారు:
టైప్ 3 అనే ఉందండీ. మార్చితే విషయసూచికలోని పుటల సంఖ్యలు తారుమారవుతాయా?

జవాబు (ఒంగోలు నుంచి):
కావు. సీఎం-సూపర్‌లో అక్షరాల కొలతలు పాతవే కాబట్టి పంక్తులు కదలవు.

జవాబు (కందుకూరు నుంచి):
గ్రాఫులను కూడా దయచేసి చూసుకోండి. వాటిని జేపెగ్ బొమ్మలుగా భద్రపరిస్తే అక్షాల మీది అంకెలు కూడా చుక్కలే అవుతాయి, వాటిని ఏ ఫాంటూ బాగుచేయలేదు. గీసిన సాఫ్ట్‌వేర్ నుంచే నేరుగా పీడీఎఫ్‌గా తీసుకోండి.