అప్‌డేట్: ఆ చిన్న ఎర్ర గాజు గ్లాసు సంగతి

ఇక్కడ న్యూజెర్సీలో ఒక పాత సామాన్ల అమ్మకంలో 12 డాలర్లకి కొన్న ఎర్ర గాజు గ్లాసు నిజంగా పాతదేనా అని అడిగాను కదా, తెల్ల ఎనామెల్‌తో (గాజు మీద వేసి కాల్చే రంగు) పాప బొమ్మ ఉన్నది, అమ్మినావిడ 'మేరీ గ్రెగరీ' చేతి పనే అన్నారు. కాదండి. మేరీ గ్రెగరీ మసాచుసెట్స్‌లోని శాండ్‌విచ్ గాజు ఫ్యాక్టరీలో 1880ల్లో బొమ్మలు వేసిన మాట నిజమే, కానీ ఈ తెల్ల పిల్లల బొమ్మలు చాలావరకు బొహీమియావి, అంటే ఇప్పటి చెక్ దేశానివి. ఆవిడ పేరు మాత్రం వీటికి అతుక్కుపోయింది.

మీరు చెప్పినట్టే భూతద్దం పెట్టి చూశా. ఎనామెల్ వేలికి ఉబ్బుగా తగులుతోంది, కుంచె జాడలున్నాయి, ప్రింటుకుండే చుక్కలు లేవు, అంటే చేత్తో వేసిన బొమ్మే. అడుగున, నేలకి ఆనే అంచు మీద మాత్రమే అడ్డదిడ్డంగా సన్నటి గీతలున్నాయి, ఏళ్ల తరబడి వాడితే పడేలాంటివి. అన్నీ ఒకే దిక్కులో ఉంటే పాతదిలా కనిపించాలని గరుకు కాగితంతో రుద్దారని అనుమానించేవాణ్ణి.

దేశం పేరు ఎక్కడా లేదు. అమెరికాకి వచ్చే సరుకు మీద దేశం పేరు ఉండాలన్న చట్టం 1890లో వచ్చింది కాబట్టి అంతకు ముందుదే అని ఎగిరి గంతేశా, తీరా చూస్తే ఆ పేరు కాగితం చీటీ మీద ఉండి ఊడిపోయి ఉండొచ్చట. 'చెకోస్లొవేకియా' అని ఉంటే, ఆ దేశం ఏర్పడిన 1918 తర్వాతదని తేలిపోయేది. ప్రస్తుతానికి 1880-1910 మధ్యది అని రాసి పెట్టుకున్నా. మా ఆవిడ దాంట్లో అగరొత్తులు గుచ్చబోతే గబుక్కున లాక్కున్నా.