ఆర్మీ ర్యాలీ కొట్టేశాను, ట్రైనింగ్‌కి ఏడు వారాలే టైముంది, కాళ్ళ నొప్పులు తగ్గట్లేదు, ఏం చెయ్యాలి?

లంక కుర్రోడు:

అందరికీ నమస్కారమండి. మాది పి.గన్నవరం దగ్గర లంక ఊరు. అగ్నివీర్ జనరల్ డ్యూటీకి సెలెక్ట్ అయ్యాను, మెడికల్ కూడా అయిపోయింది, నవంబర్ మొదట్లో గోల్కొండ ఆర్టిలరీ సెంటర్‌లో రిపోర్ట్ చెయ్యమన్నారు. ర్యాలీలో 1.6 కిలోమీటర్లు 5 నిమిషాల 27 సెకన్లలో కొట్టానండి, బీమ్ (కడ్డీ పట్టుకుని ఒంటిని పైకి లాక్కోవడం) పది తీశాను, అంటే పరుగుకి 60కి 60, బీమ్‌కి 40కి 40 మార్కులు వచ్చేశాయి. ఊళ్ళో అందరూ ఇంకేంట్రా అయిపోయింది కదా అంటున్నారు గానీ నాకు లోపల భయంగానే ఉంది.

ఎందుకంటే ర్యాలీ అయ్యాక నెల రోజులు ఏం చెయ్యలేదు, వరదొచ్చి ఊరి చుట్టూ నీళ్ళు, కాజ్‌వే మునిగిపోయింది, పడవ మీదే రాకపోకలు. నీళ్ళు తీశాక గ్రౌండ్ అంతా ఒండ్రు, కాలు పెడితే చీలమండ దాకా దిగిపోతోంది. అందుకని ఊళ్ళో సిమెంట్ రోడ్డు మీదే మొదలెట్టాను, రోజుకి ఎనిమిది కిలోమీటర్లు, పది రోజులైంది. ఇప్పుడు రెండు కాళ్ళకీ ముందు ఎముక పక్కన లాగేస్తోంది, ఎడం కాలికి మరీ ఎక్కువ. ఎవరో అన్నం మానెయ్యమన్నారు, పొట్ట రాకుండా ఉంటుందని, మధ్యాహ్నం పూట మానేశాను. ట్రైనింగ్‌లో ఏం చేయిస్తారో, దేనికి రెడీ అవ్వాలో, నొప్పి ఉన్నా పరిగెత్తాలా వద్దా, తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి. నాన్న కౌలు చేస్తారు, ఈ ఏడు వరదకి చేను పోయింది, నేను మధ్యలో వెనక్కొచ్చేస్తే ఇంట్లో తట్టుకోలేరండి.

మాధవరం హవల్దార్ (రిటైర్డ్):

బాబూ ముందుగా కంగ్రాట్స్. మాది తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం, మిలటరీ మాధవరం అంటారు కదా అదే, మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచీ మా ఊరి నుంచి ఫౌజుకి పోతూనే ఉన్నారు. నేను 22 ఏళ్ళు చేసి వచ్చాను, అందులో మూడేళ్ళు ట్రైనింగ్ సెంటర్‌లో ఉస్తాద్‌గా. వందల మంది కుర్రాళ్ళని దగ్గరుండి చూశాను కాబట్టి ఒక్క మాట గట్టిగా చెప్తాను, నీ పరుగు సరిపోతుంది. అయిదున్నర నిమిషాల్లో కొట్టేవాడికి దమ్ము లేకపోవడం ఉండదు. ట్రైనింగ్‌లో వెనకపడేది దమ్ము లేక కాదు, కాళ్ళు ఓపలేక.

ఎలాగంటే ర్యాలీలో నీ పని అయిదున్నర నిమిషాలు. అక్కడ తెల్లారకముందే ఫాలిన్ (వరసలో నిలబడ్డం), పీటీ, టిఫిను, తర్వాత డ్రిల్, క్లాసు, వెపన్ ట్రైనింగ్, సాయంత్రం గేమ్స్, మళ్ళీ రాత్రి రోల్ కాల్, మధ్యలో బ్యారక్ నుంచి లంగర్‌కీ (భోజనాల చోటు) లంగర్ నుంచి గ్రౌండ్‌కీ ఎక్కడికెళ్ళినా పరుగే. పద్నాలుగు పదిహేను గంటలు కాళ్ళ మీదే ఉంటావు, అదీ బూట్లతో, అదీ వారానికి ఆరు రోజులు. డ్రిల్ అంటే జనం తేలిగ్గా అనుకుంటారు గానీ తారు గ్రౌండ్ మీద మడమ దబ్‌మని కొట్టడం రోజుకి కొన్ని వందల సార్లు ఉంటుంది, ఆ దెబ్బంతా మోకాలి కింద ఎముకే మొయ్యాలి. తప్పు చేస్తే రగడా ఎలాగూ ఉంటుంది, ఫ్రంట్ రోల్స్, కప్పగంతులు.

అందుకని ఈ ఏడు వారాలూ స్పీడు గురించి ఆలోచించకు. నడు. నిజంగానే చెప్తున్నా, నడు. పొద్దున్న గంట, సాయంత్రం గంట, చేతులు ఊపుకుంటూ చురుగ్గా. వారం పోయాక కాలేజీ బ్యాగులో అయిదు కేజీల బియ్యం వేసుకుని నడు, ఇంకో రెండు వారాలకి ఎనిమిది, ఆఖర్న పది, అంతకు మించొద్దు, బ్యాగుతో పరుగు అసలొద్దు. బరువు నడుం మీద వేలాడకూడదు, వీపుకి ఎత్తుగా అతుక్కుని ఉండాలి, పట్టీలు బిగించు. తర్వాత తర్వాత అక్కడ బీపీఈటీ అని ఫిట్‌నెస్ టెస్ట్ పెడతారు, మా రోజుల్లో రైఫిలూ పిట్టూ (వీపుకి తగిలించుకునే బ్యాగు) వేసుకుని అయిదు కిలోమీటర్లు 25 నిమిషాల్లోపు వస్తే ఎక్సలెంట్. దానికి అక్కడే మెల్లమెల్లగా తయారు చేస్తారు, నువ్విక్కడ ముందే చేసేయాలని చూడకు.

మన డెల్టాలో ఇంకో ఇబ్బంది ఉంది, నేల బల్లపరుపు. పుట్టి బుద్ధెరిగాక కొండెక్కని కాళ్ళు మనవి, నేను మొదటిసారి ఎత్తు మీదకి పరిగెత్తినప్పుడు పిక్కలు రెండు రోజులు రాయిలా బిగుసుకుపోయాయి. మీకు ఏటిగట్టు ఉంది కదా, అదే నీ కొండ. లంక వైపు నుంచి గట్టు పైకి చకచకా ఎక్కు, నెమ్మదిగా దిగు. మొదట పదిసార్లు, నెలయ్యేసరికి ముప్పై. గట్టు వాలు మీద అడ్డంగా మాత్రం పరిగెత్తకు, ఒక కాలు పైన ఒక కాలు కింద పడి మోకాలు పట్టేస్తుంది.

తాడు ఎక్కడం కూడా ఉంటుంది, బీమ్ తీసేవాళ్ళంతా తాడెక్కేస్తారనుకోకు. మీ తోటలో మామిడికొమ్మకి లావుపాటి కొబ్బరి తాడు కట్టి కాళ్ళతో ముడి వేసి నిలబడ్డం నేర్చుకో, చేతులతో లాక్కుంటూ పోతే సగంలో చేతులు చచ్చిపోతాయి. దిగేటప్పుడు చేతులు మార్చుకుంటూ దిగు, జారితే అరచెయ్యి లేచిపోతుంది.

ఇంకోటి. నొప్పికి ఇంజెక్షన్ చేయించుకుని పరిగెత్తమనేవాళ్ళు, పౌడర్లు అమ్మేవాళ్ళు ఊరూరా ఉంటారు. వాళ్ళ మాట వినకు నాయనా.

గోదారి బ్యాచ్ (సెలవులో ఉన్నా):

బ్రో నేను పోయినేడాది వెళ్ళాను, మాది కొత్తపేట సైడు. సార్ చెప్పింది అక్షరాలా నిజం, నాకు జరిగింది చెప్తాను విను. నాకు కూడా వెళ్ళేముందే ఎడం కాలి ఎముక నొప్పి ఉండేది, ఎవరికీ చెప్పలేదు, బామ్ రాసుకుని వెళ్ళిపోయాను. ఐదో వారంలో డ్రిల్‌లో కాలు కొట్టగానే కళ్ళు బైర్లు కమ్మాయి, అయినా సిక్ రిపోర్ట్ వేస్తే నాటకాలంటారేమోనని ఇంకో పది రోజులు ఓర్చుకున్నాను, ఎంఐ రూమ్‌కి (అక్కడి డాక్టర్ గది) వెళ్ళేసరికి స్ట్రెస్ ఫ్రాక్చర్, అంటే ఎముకలో సన్న పగులు అన్నారు. నా బ్యాచ్ ముందుకెళ్ళిపోయింది, నన్ను జూనియర్ బ్యాచ్‌లో కలిపారు, రెలిగేట్ అంటారు. ఉద్యోగం పోలేదు గానీ మా బ్యాచ్‌వాళ్ళు పరేడ్ చేస్తుంటే బ్యారక్ కిటికీలోంచి చూడ్డం, ఆ రోజు మర్చిపోలేను. ముందే పదిహేను రోజులు ఆగుంటే సరిపోయేది. నువ్వు ఆగు బ్రో ప్లీజ్.

వెళ్ళేముందు గుండు కొట్టించుకోవడం గట్రా అవసరం లేదు, అక్కడే చేస్తారు. కుట్టుపని కాస్త నేర్చుకో, బటన్లు, నేమ్‌ప్లేట్. బట్టలు ఉతుక్కోవడం, రాత్రి తొమ్మిదిన్నరకల్లా పడుకోవడం ఇప్పట్నించే అలవాటు చేసుకో, ఒంటిగంట దాకా ఫోన్ చూసి నాలుగింటికి లేస్తానంటే కుదరదు. హిందీ కొంచెం, ముఖ్యంగా అంకెలు, కుడి ఎడమలు. దాయే బాయే తెలీక మొదటి వారం నేను తిరిగిందంతా తప్పే.

భీమవరం ఫిజియో:

తమ్ముడూ నేను ఫిజియోథెరపిస్టుని, పోలీసు, ఆర్మీ సెలక్షన్లకి తయారయ్యే కుర్రాళ్ళు నా దగ్గరకి చాలామంది వస్తారు, దాదాపు అందరిదీ నీ కథే, నెల ఖాళీగా కూర్చుని ఒకేసారి సిమెంట్ రోడ్డు మీద ఎనిమిది కిలోమీటర్లు. గుండె, ఊపిరితిత్తులు రెండు మూడు వారాల్లో తిరిగి దార్లోకొచ్చేస్తాయి, ఎముకకి మాత్రం నెలలు పడుతుంది. కొత్తగా దెబ్బలు పడుతుంటే ఎముక ముందు పాతది కరిగించుకుని తర్వాత కొత్తది కట్టుకుంటుంది, ఆ మధ్యలో కొన్ని వారాలు మామూలుకంటే బలహీనంగా ఉంటుంది. సరిగ్గా అప్పుడే మనకి ఊపిరి బాగా అందుతోందని ఇంకా దూరం పెంచేస్తాం.

ఇప్పుడే ఒక పని చెయ్యి. మంచం మీద కూర్చుని బొటనవేలితో ఎడం కాలి ఎముక లోపలి అంచు వెంబడి చీలమండ నుంచి పైకి నొక్కుకుంటూ వెళ్ళు. జానెడు పొడుగునా అక్కడా ఇక్కడా సలుపుతుంటే అది చాలావరకు కండరం ఎముకకి అతుక్కునే చోట వాపు, రెస్ట్‌తో తగ్గుతుంది. అలాకాకుండా ఒకేచోట, రూపాయి బిళ్ళంత చోట, నొక్కగానే ప్రాణం లేచొచ్చినట్టుంటే, లేదా రాత్రి పడుకున్నా సలుపుతుంటే, ఆ కాలి మీద గెంతలేకపోతే, ఇంక ఒక్క అడుగు కూడా పరిగెత్తకుండా ఆర్థోపెడిక్ డాక్టర్‌కి చూపించు. ఎక్స్‌రేలో ఏం లేదన్నా సంబరపడిపోకు, స్ట్రెస్ ఫ్రాక్చర్ మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు, నొప్పి అక్కడే ఉంటే మళ్ళీ వెళ్ళాలి, ఎమ్మారై అడగాలి.

మామూలు వాపే అయితే పది పద్నాలుగు రోజులు పరుగు ఆపి సైకిల్ తొక్కు, నొప్పి రానంతవరకు నడు. గోడ పట్టుకుని మునివేళ్ళ మీద లేచి నెమ్మదిగా దిగడం, మోకాళ్ళు చాపి ఒకసారి, కాస్త వంచి ఒకసారి, పదిహేనేసి చొప్పున మూడు సార్లు. తర్వాత పరుగు మొదలెట్టేటప్పుడు ఒక నిమిషం పరుగు రెండు నిమిషాల నడక, అలా ఇరవై నిమిషాలు, రోజు విడిచి రోజు. సిమెంట్ రోడ్డు వదిలెయ్, కొబ్బరి తోటలో గట్టిపడ్డ నేల గానీ ఏటిగట్టు మీది చదును దారి గానీ చూసుకో. బీచ్‌కి పోయి ఇసకలో పరిగెత్తితే మంచిదంటారు, ఇప్పుడు నీ కాలికి అదీ వద్దు, ఇసక వాలుగా ఉంటుంది, పిక్క మీద ఇంకా లాగుతుంది.

అన్నం మానెయ్యడం మాత్రం వెంటనే ఆపు. తిండి తక్కువై పని ఎక్కువైతే ఎముక కట్టుకోవడం ఆగిపోతుంది, స్ట్రెస్ ఫ్రాక్చర్లకి అదొక పెద్ద కారణం. మూడు పూటలా తిను, రెండు గుడ్లు, పప్పు, పెరుగు, పొద్దున్న రాగి జావ. మెత్తళ్ళు దొరికితే ముళ్ళతో సహా తినెయ్యి, కాల్షియం బాగా వస్తుంది. ఒకసారి హిమోగ్లోబిన్, విటమిన్ డి టెస్ట్ చేయించుకో.

చివరిగా ఉక్కపోత గురించి. మన దగ్గర తెల్లారగట్ల చల్లగా ఉన్నట్టే ఉంటుంది గానీ గాలిలో తేమ వల్ల చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. నీళ్ళతో పాటు ఉప్పు వేసిన మజ్జిగ తాగు, ఓఆర్ఎస్ అయితే ప్యాకెట్ మొత్తం, దాని మీద రాసినన్ని నీళ్ళలో కలిపే తాగు, సగం సగం కాదు. పరిగెత్తేవాడు తూలుతూ తిక్కతిక్కగా మాట్లాడుతుంటే అది వడదెబ్బ, వెంటనే ఒళ్ళంతా నీళ్ళు గుమ్మరించి గాలి విసరాలి, ఆటో కోసం చూస్తూ కూర్చోకూడదు, చల్లబరుస్తూనే హాస్పిటల్‌కి తీసుకెళ్ళాలి. అలాగే అలవాటు లేకుండా ఒకేరోజు వందల బైఠక్‌లు తీశాక మూత్రం కోలా రంగులో వస్తే కండరం కరిగి కిడ్నీల మీద పడుతున్నట్టు, అదీ ఆలస్యం చెయ్యకూడదు.

రాజోలు అమ్మ:

బాబూ మా అబ్బాయి ట్రైనింగ్‌లో ఉన్నాడు, ఇప్పుడు ఆరో నెల. మొదటి నెల ఫోన్ చేస్తే అన్నం అన్నం అనేవాడు, అక్కడ రొట్టెలే ఎక్కువంట. మీ అమ్మగారితో ఇప్పట్నించే రాత్రిపూట చపాతీ చేయించుకుని పప్పుతో తిను, కడుపు అలవాటు పడుతుంది. నువ్వు ఫోన్ చెయ్యకపోయినా మేం భయపడం అని మీ ఇంట్లో వాళ్ళతో ముందే అనిపించు నాన్నా, వారం ఫోన్ రాకపోతే నేను ఎంత ఏడ్చానో నాకే తెలుసు, అది తెలిసి వాడు అక్కడ బెంగపెట్టుకున్నాడు.

లంక కుర్రోడు:

అందరికీ చాలా చాలా థ్యాంక్స్ అండి, చదువుతుంటే కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. అక్కా మీరు చెప్పినట్టే నొక్కి చూశాను, కుడి కాలికి జానెడు పొడుగునా ఉంది, ఎడం కాలికి మాత్రం ఒకచోట గట్టిగా తగులుతోంది, గెంతితే ఓర్చుకోగలను గానీ బాగా నొప్పే. పొద్దున్నే అమలాపురం వెళ్ళి చూపించుకున్నాను. ఎక్స్‌రేలో ఏం కనపడలేదు, అయినా పరుగు పూర్తిగా ఆపి రెండు వారాల తర్వాత మళ్ళీ రమ్మన్నారు డాక్టర్ గారు, మీరన్నదే అన్నారు. అప్పటిదాకా సైకిలే, నొప్పి లేనంతవరకే నడక. మధ్యాహ్నం అన్నం తిన్నాను, అమ్మ నవ్వింది. తాడు కడదామని తమ్ముడు అప్పుడే మామిడిచెట్టెక్కేశాడు.

హవల్దార్ గారూ ఒక డౌటు, బూట్లు అక్కడే ఇస్తారు కదా, ఇక్కడ కొనుక్కుని అలవాటు చేసుకోమంటారా?

మాధవరం హవల్దార్ (రిటైర్డ్):

మంచి పని చేశావు బాబూ. బూట్లు అక్కడ ఇస్తారు, కొనకు, డబ్బులు దండగ. రన్నింగ్ షూ మాత్రం మంచిది ఒకటి ఉండాలి, కొనేటప్పుడు సాయంత్రం పూట వెళ్ళు, పొద్దున్నకంటే సాయంత్రానికి పాదం కాస్త ఉబ్బుతుంది, ట్రైనింగ్‌లో వేసుకునే మందపాటి మేజోళ్ళు తొడుక్కుని వేసి చూసుకో, బొటనవేలి ముందు వేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. అక్కడ బూట్లు ఇచ్చేటప్పుడు బిగుతుగా ఉంటే మొహమాటపడకుండా అప్పుడే చెప్పి మార్చుకో, తర్వాత మార్చడం కష్టం. నాలుగు జతల కాటన్ మేజోళ్ళు, గోళ్ళు కత్తిరించుకునేది, పాదాలకి పౌడరు పెట్టుకెళ్ళు. రోజూ రాత్రి పాదాలు కడిగి వేళ్ళ సందులు పొడిగా తుడుచుకుని పడుకో. రెండు వారాల తర్వాత డాక్టర్ ఏమన్నారో ఇక్కడే రాయి, కాలు బావుందంటే ఆ ఆదివారం మాధవరం రా, పిట్టూ ఎలా కట్టాలో చూపిస్తాను.